సగం తల

తల అప్పగించి కూర్చున్నాను
బులవాయోలో, మెలుసి సెలూన్లో.
కుర్చీలు రెండు, అద్దం ఒకటి, దానికీ మూల పగిలింది.
గుమ్మంలో రాలిన జకరాండా పూలు
ఎవరూ ఊడవని ఊదా రంగు.
చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం,
అందులో పదిహేను పేర్లు.
రేపు పొద్దున పదింటి దాకా
నా నోట్లో నువ్వుగింజ నానాలి.

మెలుసి నన్నేమీ అడగలేదు.
మిషను ఆన్ చేసి నా తలతో మాట్లాడాడు.
"యాభై ఓవర్ల ఆట, పెద్దాయనా.
మొదటి పది ఎవడైనా వేస్తాడు,
చివరి పది దేవుడు వేస్తాడు.
మధ్యలో ముప్ఫై ఉన్నాయే,
బంతి మెత్తబడి కెప్టెన్ ఆవులించే వేళ,
అప్పుడు కావాలి మన భెకి.
వికెట్టు తీయడు, సరే.
పరుగుల పీక మీద బొటనవేలు పెట్టి కూర్చుంటాడు."

వంతు కోసం కూర్చున్న వ్యాను డ్రైవరు పేపరు దించాడు:
"హరారేలో నలభై కొడితే సెంచరీ.
ఇక్కడ సెంచరీ కొడితే 'చూద్దాం'."

లెక్కల మాస్టారు మొయో ఒప్పుకోలేదు.
హరారే కుర్రాడు ఫరిరాయి ఫీల్డింగులో ఆపిన పరుగులు
సిగరెట్ పెట్టె అట్ట మీద కూడి చూపించాడు:
మ్యాచికి పదకొండున్నర.
"ఆ అర పరుగు ఎక్కడాపాడు సార్, పిచ్చి మధ్యలోనా?"

నవ్వబోయాను. తల కదిలింది.
మెలుసి నా చెవి మడిచి పట్టుకుని
"కదలకు" అన్నాడు, "నిర్ణయం నీ చేతుల్లో ఉన్నా
చెవి నా చేతుల్లో ఉంది."

అప్పుడే కరెంటు పోయింది.

మిషను నడినెత్తిన ఆగింది.
ఎడమవైపు నున్నగా, కుడివైపు అడవి.
రేడియో మూగబోయింది గానీ
వాదానికి ఏ తీగతోనూ పని లేదు.
ఊడ్చే కుర్రాడు నా వెంట్రుకల కుచ్చులతోనే
నేల మీద ఫీల్డింగు పెట్టాడు:
ఇది పాయింట్, ఇది లాంగాన్,
ఇక్కణ్ణించి భెకి పరిగెత్తుకొస్తాడు.

టొమాటోల గంప దించుకుని
మాడ్లోడ్లో నీడకి వచ్చింది. అంతా విని అడిగింది:
"ఇంతకీ ఆ పదిహేనోవాడు ఆడతాడా?"
ఎవరూ పలకలేదు.
"నీళ్లు మోసేవాడి కోసమా ఇంత గొడవ?
పాతికేళ్లుగా మోస్తున్నా, నన్ను పంపండి."

అందరూ నవ్వారు.

నేను మోశాను.
ఒక పర్యటన, ఏడు మ్యాచులు, బంతి తాకకుండా.
గ్లవ్స్ మోశాను, అరటిపళ్లు మోశాను,
కెప్టెన్ తన భార్యకి రాసిన ఉత్తరాలు పోస్టు చేశాను.
తిరిగొచ్చాక మా అమ్మ, ఇంకేం అడగాలో తెలీక,
అక్కడ గడ్డి ఎలా ఉందంది.
చెప్పగలిగాను.
బౌండరీ తాడు పక్కన గడ్డి గురించి
నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

నిన్న రాత్రి పదకొండింటికి
ఇద్దరు అటు, ఇద్దరు ఇటు, టీలు చల్లారిపోయి,
మాట నా దగ్గరికొచ్చింది.
భెకికి ఇరవై రెండేళ్లు.
ఆ గడ్డి వాడికి చూపించకూడదనుకున్నాను.
ఫరిరాయి పేరు రాశాను.
అది దయో పిరికితనమో
మాస్టారి అట్ట మీద కూడా తేలదు.
ఫరిరాయికి మాత్రం గడ్డి చూపించవచ్చునా
అని ఇప్పుడు, సగం తలతో, తడుతోంది.

మెలుసి నా కుర్చీని వెలుతురు వైపు తిప్పి
మిగతాది కత్తెరతో కానిచ్చాడు.
రెండు వైపులూ కలవలేదు.
డబ్బులిస్తే సగమే తీసుకున్నాడు.
"మిగతా సగం రేపు, పేర్లు చదివాక.
నువ్విస్తావో, ఇది నేనే తిరిగిస్తానో
చూద్దాం."

బయట ఎండ. మెడలో గుచ్చుకునే వెంట్రుకలు.
జేబులో కాగితం చెమటకి మెత్తబడుతోంది
ముప్ఫయ్యో ఓవరు బంతిలా.
రేపు కెమెరావాళ్లతో ముందే చెప్పాలి,
ఎడమవైపు నుంచి తీయండి బాబూ అని.